తొంభై ఎనిమిది మార్కుల గుండు

ఆ రోజుల్లో తిరుపతిలో మనుషులు రెండే రకాలు. జుట్టుతో కొండెక్కబోయేవాళ్ళు, జుట్టు లేకుండా కొండ దిగినవాళ్ళు. మూడో రకం ఒకటి ఉండొచ్చునని ఎవరికీ తోచలేదు. ఆ మూడో రకంలో ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే చేరాను. అది జరిగి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి, చేతిలో ఉన్న పని ఆగిపోతుంది. నలుగురికీ చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందంటారు కదా అని రాస్తున్నాను. (తగ్గదు. ఇదివరకు ఇద్దరికి చెప్పి చూశాను.)

ఎనభైల మొదట్లో నేను డిగ్రీ మొదటి సంవత్సరం వెలగబెడుతున్నప్పుడు, రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక టాకీసులో ఆదివారం పొద్దున ఆటకు చైనా ఫైటింగు సినిమాలు వేసేవారు. మాటలు ఇంగ్లీషులో ఉండేవి. తెర మీద మనిషి నోరు మూసుకున్నాక కూడా మాట వస్తూనే ఉండేది. హాల్లో సగం మంది మా బోటి కాలేజీ వెధవలు, మిగతా సగం కొండ దిగివచ్చిన యాత్రికులు. దర్శనం అయింది, రైలుకు ఇంకా నాలుగు గంటలుంది, ఎండన పడి తిరిగే బదులు ఫ్యాను కింద కూర్చుందామని కుటుంబాలతో సహా వచ్చేసేవారు. తాత, కొడుకు, మనవడు, అందరివీ గుండ్లే, అందరి తలలకూ గంధం. తెర మీద వెలుతురొచ్చినప్పుడల్లా వరసగా ఆ గుండ్లన్నీ మెరిసేవి. చైనా సినిమా అంటే నాకు ఇప్పటికీ ముందు గంధం వాసనే వస్తుంది.

నన్ను అందరూ జడ్జి అనేవారు. ఆట వదలగానే ఎదురుగా ఉన్న టీ అంగడి బెంచీ మీద నేను కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి. తక్కినవాళ్ళు నిలబడేవారు. కాలి దెబ్బలకు ముప్పై, గెంతులకు ముప్పై, గురువుగారికి ఇరవై, చివరి కొట్లాటకు ఇరవై, మొత్తం నూటికి మార్కులు వేసేవాణ్ణి. ఫలానా గెంతులో తాడు కట్టారనీ, ఫలానా దెబ్బ నిజంగానే తగిలిందనీ తేల్చేవాణ్ణి. నాకు కరాటే రాదు, కుంగ్‌ఫూ రాదు, వీధిలో కుక్క మొరిగితే అవతలి పక్కకు మళ్ళుతాను. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. అయినా కథంతా నేనే విడమరిచి చెప్పేవాణ్ణి, ఎవరికీ అర్థం కాలేదు గనక ఎవరూ కాదనలేదు. ఒక్క సోడాబుడ్డి మాత్రం అడ్డం వచ్చేవాడు. వాడు మా పక్కవీధి వాడు, నా క్లాసువాడు, కళ్ళద్దాలు సోడా సీసా అడుగంత మందం కనక ఆ పేరు. నాకు రెండు కళ్ళూ బాగుండి కనిపించనివి వాడికి ఆ అద్దాల్లోంచి కనిపించేవి, అదీ నా బాధ.

ఇక్కడ నా జుట్టు సంగతి చెప్పాలి. ఆ ఏడు వేసవిలో మా నాయనకు పచ్చకామెర్లు వచ్చి బతుకుతాడో లేదో అన్నంత పనైంది. ఆయన కొండ బస్సు డ్రైవరు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ కళ్ళు మూసుకుని తిప్పగల మనిషి, రెండు నెలలు మంచం మీంచి లేవలేదు. అప్పుడు మా అమ్మ కొండ వైపు తిరిగి దండం పెట్టి, "సామీ, మనిషిని లేపి నిలబెట్టు, నా కొడుకు నిండుతల నీకు ఇస్తా" అని మొక్కుకుంది. ఆ రోజు నుంచి నా తల మీద కత్తెర పడలేదు. నాయన లేచి తిరగడం మొదలుపెట్టాక, ఇంకొక్క నెల పత్యం ముగిసి మళ్ళీ బస్సెక్కే రోజున అందరం కలిసి పోయి తల ఇచ్చి వద్దామని అమ్మ ముహూర్తం కూడా అనుకుంది. అప్పటికే మెడ దాకా ఉన్న నా జుట్టు ఈలోగా భుజాల మీదికి దిగింది. నేను దాన్ని మొక్కు జుట్టు అనుకోలేదు, వీరుడి జుట్టు అనుకున్నాను. ఆ మూడు నెలలూ జుట్టు పెంచుకుని కత్తి తిప్పే హీరో సినిమాలకే నా దగ్గర ఎక్కువ మార్కులు పడ్డాయి. (తీర్పు ఎటు మొగ్గిందో చూడాలంటే జడ్జి తల చూడాలి.)

అలా ఉండగా సన్యాసుల సినిమా ఒకటి వచ్చింది. ఏదో కొండమీది మఠం, అందులో వందమంది కుర్రాళ్ళు, అందరూ గుండ్లే. నీళ్ళ బకెట్లు చాచిన చేతులకు తగిలించుకుని రాతిమెట్లెక్కుతారు, గుంజల మీద నిలబడి భోంచేస్తారు, చివరికి ఊరి మీద పడ్డ దుర్మార్గులందరినీ పిండి చేసేస్తారు. నేను ముందువారమూ చూశాను, ఆ ఆదివారమూ చూశాను, రెండోసారి చూశాక తొంభై ఎనిమిది మార్కులు వేశాను. అంతకు ముందు ఎవరికీ ఎనభై దాటలేదు. సోడాబుడ్డి టీ గ్లాసు కింద పెట్టి, "అవి గుండ్లు కాదబ్బా, రబ్బరు టోపీలు. చెవి పైన గీత కనపడతా ఉండాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ కండ్లకు గీతలు గాక ఏం కనపడతాయి. నిజం గుండు కాబట్టే ఆ గెంతులు. తల తేలికైతే మనిషి అంత ఎత్తు ఎగురుతాడు, అది శాస్త్రం" అన్నాను. ఏ శాస్త్రమో నాకే తెలీదు. వాడు చాలా నెమ్మదిగా, "అయితే నువ్వు కొట్టించుకోని ఎగిరి సూపీ. మేమంతా సూస్తాం" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి, "పాండి" అన్నాను.

ఇన్నేళ్ళుగా నేను మొక్కు సంగతి మరిచిపోయానని చెప్పుకుంటూ వస్తున్నాను. అది అబద్ధం. టీ అంగడి నుంచి మంగలి షాపుకు నడిచిన ఆ కాస్త దూరంలోనే గుర్తొచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే సోడాబుడ్డి ముందు పరువు పోతుందనీ, జుట్టుదేముంది మళ్ళీ పెరుగుతుందనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మంగలాయన నయం. నేను గుండు అనగానే చేతిలో దువ్వెన కిందికి దించేసి, "ఇరవై ఏండ్లుగా ఈడ అంగడి పెట్టుకోనుండా. తిరపతిలో ఉండి గుండు నా తావ అడిగినోడు ఇంతవరకు ఒగుడూ లేడు. కొండకు పో అబ్బీ, ఆ ఎంటికలు సామియి" అన్నాడు. నేను వినలేదు. "నాకు తెలుసులేన్నా, నువ్వు గొరుగు" అన్నాను. ఆయన నిట్టూర్చి, తల తడిపి, కత్తి పెట్టాడు. మూడు నెలల జుట్టు నేల మీద అంతకు ముందున్న వాళ్ళ జుట్టుతో కలిసిపోయింది.

తర్వాత ఎగరడం. గూడ్సు షెడ్డు పక్కన ఒక పిట్టగోడ ఉండేది. నేను దాని మీదికెక్కి, రెండు చేతులూ చాచి, సినిమాలో మాదిరి ఒక అరుపు అరిచి ఎగిరాను. ఎగిరానని నేనంటాను. చూసినవాళ్ళు పడ్డాడని అన్నారు. మోకాలు చీరుకుపోయింది, మడమ బెణికింది. సోడాబుడ్డి దగ్గరికొచ్చి చెయ్యిచ్చి లేపి, "నాలుగు" అన్నాడు. "నూటికా?" అన్నాను. "అరుపుకు మూడు, గుండుకు ఒకటి" అన్నాడు.

కుంటుకుంటూ ఇంటికొచ్చాను. ఏం చెప్పాలో దారంతా ఆలోచించినా ఒక్క అబద్ధమూ తట్టలేదు. తట్టాల్సిన అవసరమే లేకపోయింది, అమ్మే తయారుగా పెట్టింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న మనిషి నా తల చూసింది, కుంటడం చూసింది, చేట కింద పెట్టేసింది. "కొండకు పొయినావారా" అంది. నేను నేల చూశాను. "కాల్లట్లా ఉండాయే, మెట్లెక్కి పొయినావా" అంది. "ఊఁ" అన్నాను. అప్పటికి నేను ఆడిన అబద్ధమంతా అదే, ఒక్క అక్షరం. బస్సులో పోయానంటే నాయన తోటి డ్రైవర్లలో ఎవరో ఒకరు నేను ఎక్కలేదని చెప్పేసేవారు. మెట్లదారికి సాక్షులు లేరు. అంత తెలివి నాకు లేదు, పాపం మా అమ్మ అభిమానమే నన్ను అంత పకడ్బందీగా కాపాడింది. "నెల ఆగలేక నాయన కోసరం మెట్లెక్కి పొయ్యొచ్చినాడు నా బిడ్డ" అని నా గుండు రెండు చేతుల్తో నిమిరి, ఆ చేతులు కళ్ళకద్దుకుంది. గంధమేదిరా అంటే చెమటకు కారిపోయిందన్నాను. ప్రసాదమేదిరా అంటే సంచి సోడాబుడ్డి దగ్గరుండిపోయిందని చెప్పి, ఆ కుంటికాలితోనే బస్టాండుకు పరిగెత్తాను. కొండ దిగిన ఒక పెద్దాయన కాళ్ళావేళ్ళా పడితే రెండు లడ్డూల్లో ఒకటి ఇచ్చాడు. "నువ్వూ గుండు కొట్టించుకోనుండావు గదప్పా, నీకు లడ్డు దొరకలేదా" అని అడిగాడు. అప్పుడు కూడా "ఊఁ" అన్నాను.

ఆ సాయంత్రం అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి వేడి ఆముదం తెచ్చి నా కాళ్ళకు రాసింది. ఒక్క మెట్టు కూడా ఎక్కని కాళ్ళు. పిక్కలు పిసుకుతూ, మోకాటిపర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కినావా, అందుకేనా మోకాలు ఇట్లా చీరుకుపోయింది అని తనే అడిగి తనే ఏడ్చింది. ఇరుగమ్మ పొరుగమ్మ వచ్చారు. ఒకామె తన కొడుకును లాక్కొచ్చి, "సూడ్రా, బిడ్డంటే ఇట్లా ఉండాల" అని వాడి నెత్తిన ఒకటి మొట్టింది. ఆ పిల్లాడు నా వైపు చూసిన చూపు నాకు తగినదే. లడ్డులో చిటికెడు తుంచి అమ్మ నాయన నోట్లో వేసి, మిగతాది దేవుడి గూట్లో పెట్టింది. నాయన నన్ను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేశాడు గానీ ఏమీ అనలేదు. ఆయన మాట తక్కువ మనిషి. ఏమన్నా అని ఉంటే నాకు బాగుండేది.

బుధవారం పొద్దున నాయనకు జ్వరం వచ్చింది. తాగిన గంజి కక్కేశాడు. అమ్మ ఆయన కనురెప్ప లాగి చూసి నిలువునా నీరైపోయింది. తెల్లగుడ్డు మళ్ళీ పచ్చగా ఉంది. పసరు తాతను (నాయనకు నేలఉసిరి పసరు ఇచ్చే పెద్దాయన, ఊరందరికీ ఆ పేరే) పిలుచుకు రమ్మని పక్కింటి వాళ్ళను పంపి, పెరట్లోకొచ్చి కొండ వైపు తిరిగి నిలబడింది. "ఇస్తానన్నది ఇచ్చేస్తిమి గద సామీ. నా బిడ్డ మెట్లెక్కి వచ్చి ఇచ్చిపొయినాడే. ఇంకేం తక్కువైంది నీకు" అని అడుగుతోంది. తిట్టడం లేదు, నిజంగా అడుగుతోంది. నేను స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాను. నాయన చచ్చిపోతాడని, చంపింది నేనేనని నాకు ఆ క్షణంలో రూఢి అయిపోయింది. వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. సినిమా, సన్యాసులు, సోడాబుడ్డి, రబ్బరు టోపీ, పిట్టగోడ, బస్టాండు లడ్డు, అంతా.

కొడుతుందనుకున్నాను. కొట్టమని మనసులో బతిమాలుకున్నాను. ఆమె నా గుండు వైపు చూసి, "ఎంటికలు యాడుండాయి" అంది. మంగలి షాపులో అన్నాను. "పా" అంది. చెప్పులు కూడా వేసుకోలేదు. మంగలాయన మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆదివారం నాడు తీసిన జుట్టు ఎక్కడుందో ఇప్పించమని, కొండకు తీసుకుపోయి ఇస్తానని అమ్మ అడిగింది. "ఆయితవారం ఎంటికలు బుధవారం దాకా యాడుంటాయి తల్లీ. ఆ పొద్దే చిమ్మి పారేస్తిమి. నేను అప్పటికీ చెప్పినా ఈ అబ్బికి, వినలేదు" అన్నాడు ఆయన, తప్పు తనదే అన్నట్టు చేతులు నలుపుకుంటూ. నిన్ను ఏమీ అనడం లేదన్నా అని అమ్మ అటునుంచి అటే బస్టాండు వైపు నడిచింది. నేను వెనక నడిచాను. కొండ బస్సు డ్రైవరు నాయన స్నేహితుడే. పలకరించబోయి, అమ్మ ముఖం చూసి బండి కదిలించాడు.

కల్యాణకట్ట దగ్గర చీటీ తీసుకునేదాకా నాకు అర్థం కాలేదు. ఆడవాళ్ళు మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చేస్తారు, అమ్మా అంతే కాబోలు అనుకున్నాను. మా అమ్మ జడ నడుము దాటి ఉండేది. రోజూ స్నానం చేసి చిన్న మల్లెదండ అయినా పెట్టుకోనిదే వంటింట్లోకి పోయేది కాదు. ఆమె కూర్చుని జడ విప్పింది. "మూడు కత్తెర్లా తల్లీ" అని అడిగాడు క్షురకుడు. "నిండుతల" అంది. నేను అడ్డం పడ్డాను. నాకు పెరుగుతుందమ్మా, ఆరు నెలలు ఆగమ్మా, నేనే ఇస్తానమ్మా అని ఏడ్చాను. "మీ నాయన ఆరు నెల్లు ఆగతాడా" అంది. తర్వాత కొంచెం మెత్తబడి, "మొక్కింది నేను. నోరు నాది. నా తల దాచుకోని ఊరికే నీ తల ముందుకు తోసినా, అందుకే ఇట్లా అయ్యింది. నువ్వు బయట కూసో పో" అంది. నేను పోలేదు. క్షురకుడు నీళ్ళు చల్లి, ఆ జుట్టును రెండు ముడులు వేసి, కత్తి పెట్టాడు. అమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. అంతకు ముందెన్నడూ నేను చూడని అమ్మ చెవులు, మెడ, వెనక చిన్న పుట్టుమచ్చ బయటపడ్డాయి. తల చిన్నదైపోయింది, చిన్నపిల్లలా ఉంది.

ఇంటికొచ్చేసరికి పసరు తాత మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. నాయన దొంగలా పడుకుని ఉన్నాడు. విషయమేమిటంటే, ముందు రోజు మధ్యాహ్నం అమ్మ నీళ్ళకు పోయినప్పుడు నాయన దేవుడి గూట్లోంచి లడ్డు మొత్తం తీసుకుని తినేశాడట. మూడు నెలల చప్పిడి పత్యం మీద నేతి లడ్డు. "సామి ప్రసాదం గదా, ఏం చెయ్యదులే అనుకున్నా" అంటున్నాడు. "ప్రసాదం కండ్లకద్దుకోవాల నాయనా, కడుపు నిండా తినకూడదు" అని తాత మందలిస్తున్నాడు. కళ్ళ పసుపు కొత్తదేమీ కాదు, పాతది పూర్తిగా పోలేదంతే, నాలుగు రోజులు గంజి తాగితే సర్దుకుంటుందని చెప్పాడు. అంటే అమ్మ జుట్టు పోవలసిన పని లేదు. ఆ లడ్డు ఇంట్లోకి ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో మీకు తెలుసు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

అప్పుడు నాయన అమ్మ తల చూశాడు. "ఏందే ఇది" అన్నాడు. "మీ కోసరం మొక్కుకోనుంటి, ఇచ్చేసి వచ్చినా" అంది అమ్మ, కొంగు తల మీదికి లాక్కుంటూ. "అబ్బోడు ఇచ్చినాడు గదా" అన్నాడు. అమ్మ నా వైపు చూడనుకూడా చూడలేదు. "వాడిది వాడిది, నాది నాది" అని గంజి కాచడానికి పోయింది. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది. అసలు సంగతి ఆమె ఆయనకు ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ఆమె చెప్పకపోవడం పెద్దమనసు, నేను చెప్పకపోవడం పిరికితనం.

శనివారానికి నాయన లేచి కూర్చున్నాడు. ఆదివారం పొద్దున అమ్మ పనులన్నీ ముగించుకుని, చీర మార్చుకుని, "ఆ గుండ్ల సినిమా ఇంకా ఆడతా ఉండాదా" అని అడిగింది. ఉండాదన్నాను. "పా, నేనూ సూస్తా. నా ఎంటికలు తినిందేందో సూడద్దా" అంది. అమ్మను వెంటబెట్టుకుని టాకీసుకు పోయాను. టికెట్లు చింపే ఆయన మా ఇద్దరి తలలూ చూసి, "కొండ నుంచి ఇప్పుడే దిగినారామ్మా" అన్నాడు. "అవునప్పా, ఇద్దరమూ" అంది అమ్మ. నా కోసం ఆమె ఆడిన అబద్ధాల్లో, నాయన దగ్గరిది లెక్కేసుకుంటే, అది రెండోది. యాత్రికుల మధ్యలో కూర్చున్నాం. కథ చెబుతానని నేను వంగి మొదలుపెడితే, "నువ్వేమీ చెప్పద్దు, నాకు కనపడతా ఉండాది" అంది. ఆట సాంతం చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా చూసింది. కొట్లాటలప్పుడు కళ్ళు దించుకుంది. ఆ కుర్రాళ్ళు బకెట్లు మోస్తూ మెట్లెక్కేటప్పుడు మాత్రం ముందుకు వంగి చూసింది.

బయటికొస్తే టీ అంగడి దగ్గర సోడాబుడ్డి, తక్కినవాళ్ళూ ఉన్నారు. అమ్మ తల చూసి సోడాబుడ్డికి అంతా అర్థమైపోయినట్టుంది. వాడు తలుచుకుంటే నన్ను చీల్చి చెండాడేవాడు. బెంచీ మీద దుమ్ము తన తువ్వాలుతో దులిపి, "కూసో అత్తా" అన్నాడు. మేమందరం నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, "సినిమాకు ఎన్ని మార్కులిస్తావత్తా" అని అడిగాడు. అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. "మార్కులు నాకేం తెలుసు నాయనా. అంతమంది బిడ్డలు గుండ్లు కొట్టించుకోని ఆ ఎండలో నీళ్ళు మోస్తా ఉండారే. వాళ్ళల్లో ఒక్కడి తల్లి గూడా వచ్చి సూసిపోలేదు. వాళ్ళంతా యాడుండారో, ఏమో" అంది.

నేను ఆ సినిమా మూడుసార్లు చూశాను, ప్రతి దెబ్బా లెక్కపెట్టాను. అది మాత్రం నాకు కనిపించలేదు. ఆ తర్వాత ఆ బెంచీ మీద నేను కాలు మీద కాలేసుకుని కూర్చోలేదు. ఇప్పుడు మధ్యాహ్నంపూట టీవీలో అట్లాంటి సినిమా ఏదైనా వస్తే మా ఇంట్లో అందరూ వేరే ఛానెల్ పెట్టమంటారు, నేను పెట్టను. ఈ వయసులో ఈ ఫైటింగులేమిటని ఎగతాళి చేస్తారు. ఫైటింగులు నేను చూడటం లేదని వాళ్ళకు చెప్పలేదు. మెట్ల కింద, గుంపు వెనక, మఠం తలుపు దగ్గర ఎక్కడైనా ఒక తల్లి నిలబడి ఉందేమోనని చూస్తాను. ఒక్కోసారి ఎవరో కొంగు కప్పుకుని నిలబడ్డట్టే అనిపిస్తుంది, కళ్ళద్దాలు సర్దుకుని చూస్తే ఏ ముసలి సన్యాసో అయి ఉంటాడు. నాలో నేను నవ్వుకుని, సినిమా అయిపోయేదాకా కూర్చుంటాను.